థామస్ పెయిన్ డాక్యుమెంటరీ: ఈ రెండు సీన్లు ఎలా తీయాలి?

అమెరికా స్వాతంత్ర్యం కోసం కలం పట్టిన రచయిత థామస్ పెయిన్ మీద 20 నిమిషాల తెలుగు డాక్యుమెంటరీకి స్క్రిప్టు రాస్తున్నాం. 1776 జనవరిలో ఫిలడెల్ఫియాలో అచ్చయిన ఆయన కరపత్రం ‘కామన్ సెన్స్’ 5 లక్షల కాపీలు అమ్ముడైందని చాలాచోట్ల రాస్తారు. అప్పటి అమెరికాలోని బ్రిటిష్ కాలనీల జనాభానే దాదాపు 25 లక్షలు, పైగా చేత్తో నడిపే ప్రెస్సులు. నమ్మబుద్ధి కావట్లేదు. ఆ అంకె లేకుండా కరపత్రం ప్రభావాన్ని తెరమీద ఎలా చూపాలి? వేరే ఊళ్లలో మళ్లీ అచ్చయిన ప్రతుల ముఖపత్రాలు వరసగా వేస్తే సరిపోతుందా?

అసలు చిక్కు 1794 నాటి జైలు సీను. ఫ్రెంచి విప్లవ కాలంలో పెయిన్ పారిస్‌లోని లగ్జెంబర్గ్ జైల్లో ఖైదీగా ఉన్నాడు. గిలటిన్‌కి (తల నరికే యంత్రానికి) పంపేవాళ్ల గది తలుపు మీద సుద్దతో గుర్తు వేసేవారట. తలుపు బయటికి తెరిచి గోడకి ఆనించి ఉండటంతో గుర్తు లోపలివైపు పడింది. మూశాక బయటికి కనబడలేదు, పెయిన్ బతికాడు. ఇది తర్వాత ఆయనే రాసుకున్న సంగతి. నటులతో తీస్తే రుజువైన విషయంలా అనిపిస్తుంది. తలుపు క్లోజప్ మీద ఆయన మాటలే వాయిస్ ఓవర్‌గా పెట్టొచ్చా? ఇలాంటివి తీసినవాళ్లు చెప్పండి.