టెక్సస్ చిన్న ఊరిలో 1911 నాటి ఇటుక భవనం: బాగుచేయడానికి ప్రభుత్వ సహాయం ఎలా అందుతుంది?

మునేరు అడిగిన ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న ఊరిలో, కోర్టుహౌస్ చుట్టూ ఉండే పాత అంగళ్ల వరుసలో, మేము గత నెల ఒక రెండంతస్తుల ఇటుక భవనాన్ని కొన్నాము. పై అంతస్తు ముందు భాగాన్ని 1960లలో ఎవరో అల్యూమినియం రేకులతో కప్పేశారు. ఒక రేకు ఊడదీసి చూస్తే లోపల కమానుల కిటికీలు, 1911 అని చెక్కిన రాయి చెక్కుచెదరకుండా కనిపించాయి. ఆ రోజు నుంచి ఈ భవనం మాకు కేవలం పెట్టుబడిగా తోచడం లేదు.

కింద టిఫిన్లు, భోజనం పెట్టే రెస్టారెంటు, పైన అద్దెకు రెండు అపార్ట్‌మెంట్లు అన్నది మా ఆలోచన. కొన్న ధర 4 లక్షల 20 వేల డాలర్లు, అందులో స్థలం విలువ 1 లక్షా 20 వేలు. మరమ్మతులకు కాంట్రాక్టరు వేసిన అంచనా 3 లక్షల 65 వేలు. ఇందులో వంటగది సామగ్రికి 40 వేలు, వెనుక పార్కింగుకు 15 వేలు ఉన్నాయి. నేనూ నా భార్యా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఇద్దరి ఆదాయం కలిపి ఏడాదికి 2 లక్షల 80 వేలు. రెస్టారెంటు తెరిచాక ఆమె ఉద్యోగం మాని దాన్ని చూసుకుంటుంది.

ఆ వరుస అంతా జాతీయ చారిత్రక రిజిస్టరులో నమోదైన ప్రాంతమేనని, కానీ మా భవనాన్ని మాత్రం ‘ప్రాంత విలువకు తోడ్పడనిది’గా రాశారని నగర కార్యాలయంలో చెప్పారు. ప్రభుత్వ సొమ్ము మాకు వచ్చే దారి ఉందా? ఇటుకకు వేసిన పాత రంగును ఇసుక పిచికారీతో తొలగించే పని వచ్చే వారం మొదలుపెడతామని కాంట్రాక్టరు అంటున్నాడు. ఈలోగా పెద్దలు సలహా ఇవ్వగలరు.

డంగుసున్నం సమాధానం

మునేరు గారూ, పన్నుల సంగతి తెలిసినవారు తరువాత చెబుతారు గానీ, ముందుగా ఆ ఇసుక పిచికారీని ఈ రోజే ఆపించండి. నేను పాత కట్టడాల మరమ్మతులకు నమూనాలు గీసే వృత్తిలో ఉన్నాను. ఇంతగా నొక్కి చెప్పవలసిన విషయం మీ ఉత్తరంలో మరొకటి లేదు.

ఆ కాలపు ఇటుకకు బట్టీలో కాలిన పైపొర గట్టిగా, లోపలి భాగం మెత్తగా ఉంటుంది. ఇసుకతో కొడితే ఆ పైపొర పోయి, వానకు నీరు పీల్చుకుని, చలికాలంలో పెచ్చులూడుతుంది. పన్ను రాయితీకి పునరుద్ధరణ పనిని కొలిచే ప్రమాణాలు పది ఉన్నాయి. వాటిలో ఏడవది ఇసుక పిచికారీని పేరు పెట్టి మరీ వద్దంటుంది. పని జరిగిపోయాక దాన్ని వెనక్కి తీసుకురాలేము కాబట్టి, ఆ ఒక్క పొరపాటుతో మొత్తం దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. రంగును ఇటుకకు హాని చేయని మెత్తని రసాయనంతో, గోడలో కనిపించని ఒక మూలన పరీక్షించి చూసి తీయించండి.

ఇటుకల సందులు నింపేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. అంగడిలో దొరికే గట్టి పోర్ట్‌లాండ్ సిమెంటు నింపితే గోడలోని తేమ సందుల నుంచి బయటికి పోలేక ఇటుకలోంచే పోతుంది, ఇటుకే పగులుతుంది. సున్నం ఎక్కువ పాళ్లలో ఉన్న మెత్తని మిశ్రమం కావాలి. మన తాతల ఇళ్లలో గానుగలో ఆడించిన డంగు సున్నం గోడలను చూసినవారికి ఈ తర్కం కొత్త కాదు.

రేకుల విషయంలో మాత్రం మీకు అదృష్టం కలిసివచ్చింది. రికార్డులో మీ భవనం ‘తోడ్పడనిది’ కావడానికి ఆ రేకులే కారణమై ఉండాలి. లోపలి అసలు ముఖభాగం నిలిచి ఉందని ఫోటోలతో చూపిస్తే రాయితీకి అడ్డుగా ఉన్న ఆ నిర్ణయాన్ని మార్పించుకునే అవకాశం బలంగా ఉంటుంది. ఇంకా రెండు మూడు చోట్ల రేకులు జాగ్రత్తగా తీయించి, తీయక ముందూ తీసిన తరువాతా ఫోటోలు తీసి పెట్టుకోండి. పాత చెక్క కిటికీలను, గది పైకప్పు లోపలి వైపున అచ్చుపోసిన తగరపు పలకలు ఉంటే వాటిని, దేన్నీ పారవేయనివ్వకండి.

తులాభారం సమాధానం

నేను పన్ను లెక్కల వృత్తిలో ఉన్నాను. మునేరు గారి అంకెలతోనే చెబుతాను.

ఫెడరల్ పన్ను రాయితీ, అంటే కట్టవలసిన పన్నులోంచి నేరుగా తగ్గే మొత్తం, పునరుద్ధరణ ఖర్చులో 20 శాతం. దీనికి మూలం 1976 నాటి చట్టం. అంతకు ముందు పాత భవనాన్ని కూల్చి కొత్తది కట్టేవారికే పన్ను లాభం ఎక్కువగా ఉండేది. ఆ తూకాన్ని సరిచేయడానికే ఈ ఏర్పాటు వచ్చింది. 1936కు ముందు కట్టి రిజిస్టరులో లేని భవనాలకు 10 శాతం రాయితీ కూడా ఉండేది గానీ, 2017 చట్టం దాన్ని తీసివేసింది. అదే చట్టం ప్రకారం 20 శాతం రాయితీ ఒకేసారి కాక ఐదేళ్లలో సమాన భాగాలుగా వస్తుంది.

ఇక అసలు గడప ఇది. మీరు ఎంచుకున్న 24 నెలల వ్యవధిలో పునరుద్ధరణకు పెట్టే ఖర్చు భవనం విలువను దాటాలి. కొన్న ధరలోంచి స్థలం విలువ తీసివేస్తే మీకు 3 లక్షలు. ఖర్చులో వంటగది సామగ్రి, పార్కింగు లెక్కకు రావు కాబట్టి మిగిలేది 3 లక్షల 10 వేలు. అంటే మీరు గడప దాటుతున్నది పది వేల తేడాతోనే. కొనుగోలు సమయంలో కట్టిన టైటిల్ (యాజమాన్య హక్కు పత్రాల) రుసుములు, న్యాయవాది ఖర్చులు భవనం విలువకు కలిస్తే ఆ పది వేలు కూడా కరిగిపోవచ్చు. మరోవైపు ఆర్కిటెక్టు రుసుము, విద్యుత్తు, నీటి గొట్టాలు, ఏసీ, అగ్నిమాపక ఏర్పాట్లు ఖర్చులోకి వస్తాయి. అంచనాలో ఆర్కిటెక్టు రుసుము లేకపోతే చేర్చి మళ్లీ లెక్క వేయండి. గడప దాటితే 62 వేలు, ఏడాదికి 12,400 చొప్పున. దాటకపోతే సున్నా.

మన వాళ్లలో చాలామంది తడబడే చోటు మరొకటి ఉంది. అద్దె ఆదాయం మీద వచ్చే ఈ రాయితీని జీతం మీది పన్నులోంచి తగ్గించుకునే వెసులుబాటు, ఆదాయం 2 లక్షల డాలర్లు దాటినప్పటి నుంచి తగ్గుతూ, 2 లక్షల 50 వేల దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. మీ ఇద్దరి జీతాలతో మీరు ఆ గీత దాటి ఉన్నారు. రాయితీ రద్దు కాదు, తరువాతి సంవత్సరాలకు వాయిదా పడుతుంది. అయితే మీ శ్రీమతి ఉద్యోగం మాని స్వయంగా రెస్టారెంటు నడిపితే, మీ ఆదాయమూ తగ్గుతుంది, ఆమె నడిపే వ్యాపారానికి వాడుకునే భాగానికి నియమాలూ వేరుగా వర్తించవచ్చు. భవనాన్ని, వ్యాపారాన్ని ఒకే సంస్థగా పెట్టాలా, వేర్వేరుగానా అన్నది దరఖాస్తుకు ముందే తేల్చుకోవలసిన ప్రశ్న. పని పూర్తయిన ఐదేళ్లలోపు భవనం అమ్మితే రాయితీలో కొంత తిరిగి కట్టాలి: మొదటి ఏడాదైతే మొత్తం, ఆపై ఏడాదికి 20 శాతం చొప్పున తగ్గుతూ.

టెక్సస్ రాష్ట్ర రాయితీ మీలాంటి వారికి ఇంతకంటే దగ్గరి దారి. 2015 నుంచి అమలులో ఉంది. అర్హమైన ఖర్చులో 25 శాతం ఇస్తుంది. ఖర్చు 5 వేల డాలర్లు దాటితే చాలు, భవనం విలువను మించవలసిన పని లేదు. అది ఫ్రాంచైజీ పన్నుకు, అంటే వ్యాపార సంస్థల మీద రాష్ట్రం వేసే పన్నుకు, ఎదురుగా వచ్చేది కాబట్టి మీకు నేరుగా ఉపయోగపడకపోయినా, ఆ పన్ను కట్టే మరో కంపెనీకి అమ్ముకోవచ్చు. 77,500 డాలర్ల రాయితీకి డాలరుకు డాలరు రాదు, వచ్చిన దాని మీద ఫెడరల్ పన్ను కూడా పడుతుంది. అయినా చేతికి నగదు అందే మార్గం ఇదే.

దీపస్తంభం సమాధానం

పైవారు చెప్పినదంతా సరైనదే. పాత అంగళ్ల వీధులకు తిరిగి కళ తెచ్చే మెయిన్ స్ట్రీట్ కార్యక్రమం కింద ఒక చిన్న ఊరి కమిటీలో కొన్నేళ్లు స్వచ్ఛందంగా పనిచేసినవాడిగా మరొక విషయం చేరుస్తాను. ఈ రాయితీలన్నీ పని ముగిసిన తరువాత వచ్చేవే. ముందు మొత్తం ఖర్చు పెట్టుకోవలసింది మీరే. నాకు తెలిసిన ఒక కుటుంబం రాయితీ వస్తుందన్న ధీమాతో బ్యాంకు అప్పు తక్కువగా తీసుకుంది. తీరా పైకప్పు పని సగంలో ఉండగా డబ్బు అయిపోయి, భవనం ఒక వానాకాలమంతా టార్పాలిన్ కిందే ఉండిపోయింది. దయచేసి ఆ పరిస్థితి తెచ్చుకోకండి.

మెయిన్ స్ట్రీట్ కార్యక్రమాన్ని చారిత్రక కట్టడాల పరిరక్షణ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ 1970ల చివర మూడు ఊళ్లలో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 1980లో ఆరు రాష్ట్రాలకు విస్తరించింది. ఆ ఆరింటిలో టెక్సస్ ఒకటి. ఈ కార్యక్రమంలో ఉన్న ఊళ్లు చాలావాటిలో ముఖభాగం బాగుచేసుకోవడానికి యజమాని పెట్టినంత తానూ పెట్టే చిన్న గ్రాంట్లు ఉంటాయి. టెక్సస్ నగరాల ఆర్థికాభివృద్ధి సంస్థలకు అమ్మకపు పన్నులో కొంత వాటా వస్తుంది, ఈ గ్రాంట్లకు డబ్బు తరచుగా అక్కడి నుంచే. కొన్ని ఊళ్లు డౌన్‌టౌన్‌ను ప్రత్యేక పన్ను మండలంగా ప్రకటించి, భవనాల విలువ పెరగడం వల్ల అదనంగా వచ్చే ఆస్తిపన్నును అక్కడే ఖర్చుపెడతాయి. మీ ఊరిలో వీటిలో ఏది ఉందో మెయిన్ స్ట్రీట్ మేనేజరును అడగండి. ఒప్పందం మీద సంతకాలు కాకముందు చేసిన పనికి ఈ గ్రాంట్లు సాధారణంగా ఇవ్వరు.

నేను గమనించినంతలో అధికారులు యజమానులకు శత్రువులు కారు. రాష్ట్ర చారిత్రక కమిషన్ వారికి దరఖాస్తుకు ముందే ఫోటోలు పంపి అభిప్రాయం అడగవచ్చు. అడిగినవారికి దరఖాస్తు తరువాత ఇబ్బందులు తగ్గుతాయి.

పత్తర్‌గట్టి సమాధానం

నేను హైదరాబాద్ నుంచి రాస్తున్నాను. తులాభారం గారి లెక్కలు చదువుతుంటే మనసు కొంచెం బరువెక్కింది. ఇక్కడ 1995లో చారిత్రక భవనాల జాబితా ప్రకటించి, అనుమతి లేకుండా మార్పులు చేయరాదన్నారు. ప్రైవేటు యజమానికి నియంత్రణ వచ్చినంత స్పష్టంగా, మరమ్మతుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది రాలేదు. మొజంజాహీ మార్కెట్ వంటి ప్రభుత్వ కట్టడాన్ని ప్రజాధనంతో ఎంతో అందంగా బాగుచేశారు, 2020లో తిరిగి తెరిచారు. కానీ పాత నగరంలో నలుగురు వారసుల మధ్య చీలిన హవేలీకి కారుతున్న పైకప్పును ఎవరు బాగుచేయాలి? భవనం నిలబెట్టినవారికి ఖర్చులో నాలుగో వంతు తిరిగి ఇచ్చే ఏర్పాటు ఇక్కడా ఉంటే, కూల్చివేతకు పోయిన ఇళ్లలో కొన్నయినా మిగిలేవని నా గట్టి నమ్మకం. మునేరు గారూ, మీకు ఆ అవకాశం ఉంది, వదులుకోకండి.

మునేరు తిరిగి రాసినది

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. ఇసుక పిచికారీ ఆపించాను. కాంట్రాక్టరు ముందు విసుక్కున్నా, కారణం వివరించాక ఒప్పుకున్నాడు. తులాభారం గారు చెప్పినట్లు టైటిల్ కాగితాలు తీసి చూస్తే, భవనం వాటాకు చేరే ఖర్చులు 4,600 డాలర్లు. ఆర్కిటెక్టు రుసుము అంచనాలో లేదు. దాన్ని చేరిస్తే గడపను మరికొంత తేడాతో దాటుతాము, కానీ ఫెడరల్ రాయితీని నమ్ముకుని అప్పు లెక్క వేయకూడదని నిర్ణయించుకున్నాము. బ్యాంకుతో మొత్తం ఖర్చుకూ మాట్లాడుతున్నాము.

సోమవారం మరో రెండు రేకులు తీయిస్తున్నాము. డంగుసున్నం గారూ, తగరపు పలకల గురించి మీరు అడిగారు కదా, కింది అంతస్తులో వేలాడదీసిన తెల్ల సీలింగు పైన టార్చి వేసి చూశాము. గది పొడవునా ఉన్నాయి. వెనుక మూలన నీరు కారిన చోట తుప్పు పట్టింది, మిగతాదంతా బాగానే ఉంది. తుప్పు పట్టిన పలకలను అలాగే ఉంచి ఫోటోలు తీయాలా, ముందు పైకప్పు కారుడు ఆపించాలా అన్నది చెప్పగలరు.

డంగుసున్నం సమాధానం

ఫోటోలు ఈ రోజే తీయండి. కారుడును రేపే తాత్కాలికంగా ఆపించండి. నీరు లోపలికి రాకుండా కప్పడం అత్యవసర రక్షణే, అయినా ఏం చేశారో తేదీతో సహా రాసిపెట్టుకోండి. పలకలను మాత్రం కదిలించవద్దు.