పూర్ణా మార్కెట్ దగ్గర స్టూడియో మూసేస్తున్నారు, రెండు రీలు కెమెరాలు ఉన్నాయి: ఏం చూసి కొనాలి?

మువ్వలవానిపాలెం రీలు

అందరికీ నమస్తే. విశాఖలో పూర్ణా మార్కెట్ వైపు ఒక పాత ఫోటో స్టూడియో మూసేస్తున్నారు. ఓనరు గారి అబ్బాయి సామాను అమ్ముతున్నాడు. లైటు స్టాండ్లు, గొడుగులు, వెనక కట్టే తోట బొమ్మ తెర అన్నీ పోగా రెండు రీలు కెమెరాలు మిగిలాయి. ఒకటి పెంటాక్స్ కె1000. 50 ఎంఎం ఎఫ్/2 లెన్స్‌తో కలిపి ఎనిమిదిన్నర వేలు చెబుతున్నాడు. రెండోది యాషికా మ్యాట్ 124జి, పద్నాలుగు వేలు. రెండూ తోలు కేసుల్లో ఉన్నాయి.

నేను డిజిటల్‌లో తీస్తాను గానీ రీలు కెమెరా ఎప్పుడూ పట్టలేదు. నిన్న చూసినప్పుడు నాకు కనిపించినవి ఇవి. పెంటాక్స్ వెనక తలుపు తీస్తే అంచుల్లో నల్ల జిగురు వేలికి అంటుకుంది. వ్యూఫైండర్‌లో కుడిపక్కనున్న ముల్లు కదలడం లేదు, నలకలు కూడా చాలా ఉన్నాయి. యాషికా కింది లెన్స్‌లో ఒక అంచున సన్నటి దారాల్లాంటివి ఉన్నాయి. "నాన్నగారు చివరిసారి వాడినప్పుడు బాగానే పనిచేసింది" అంటాడు. చివరిసారి ఎప్పుడంటే తెలీదట.

ఆదివారం మళ్ళీ రమ్మన్నాడు, కౌంటరు దగ్గర ఓ అరగంట చూసుకోనిస్తానన్నాడు. ఆ అరగంటలో ఏం చూడాలి? ఏది కనిపిస్తే పర్సు తియ్యకుండా వచ్చేయాలి?

గాజువాక లెన్స్

దారాలంటే ఫంగస్ అండి. యాషికా వదిలేయండి, పెంటాక్స్ తీసుకోండి. నల్ల జిగురు గురించి టెన్షన్ వద్దు. అది వెలుతురు లోపలికి రాకుండా పెట్టే ఫోమ్. అప్పటి జపాన్ కెమెరాల్లో చాలావాటికి ఇప్పుడు అలా కరిగిపోయే ఉంటుంది.

డార్క్‌రూమ్ మాస్టారు

అమ్మా, నేను ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళకి ఫోటోలు తీసి, రీళ్ళు కడిగి బతికినవాణ్ణి. ఈ రెండు మోడళ్ళూ నా చేతుల్లో బాగా అరిగినవే. పై తమ్ముడు యాషికాని మరీ తొందరగా తోసేశాడు.

పాత కెమెరా చేతికొస్తే నేను ఒక్కటే ఆలోచిస్తాను: పోయింది యంత్రమా, గాజా? షట్టర్ (వెలుతురుని క్షణకాలం రీలు మీదికి వదిలేది) మందగించినా, ఫోమ్ కరిగినా, మీటర్ (వెలుతురు కొలిచేది, మీరన్న ముల్లు దానిదే) చచ్చినా మెకానిక్ దగ్గర బాగవుతాయి, లేదా అవి లేకుండానే నడుపుకోవచ్చు. ఫంగస్ గాజు పూతని తినేశాక మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. అందుకే సముద్రం పక్కనున్న మన ఊళ్ళో చూడ్డం లెన్స్‌తోనే మొదలుపెట్టాలి. హైదరాబాద్ వాళ్ళు కావాలంటే షట్టర్‌తో మొదలుపెట్టుకోవచ్చు.

ముందు కేసు తెరిచి వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే కెమెరా ఏళ్ళ తరబడి తేమలో ఉన్నట్టే. తోలు తేమని పట్టి ఉంచుతుంది, బూజు అక్కడే పుడుతుంది. కేసు ఎంత అందంగా ఉన్నా ఆయనకే వదిలేయండి. ఇంకో మాట, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు స్టూడియోలోకి నీళ్ళు వచ్చాయా అని అడగండి. సూటిగా అడిగితే జనం సాధారణంగా నిజమే చెబుతారు.

తరవాత ఫోన్ టార్చి. పెంటాక్స్ లెన్స్ ఊడదీసి, ఎపర్చర్ (లోపలి రేకులతో వెలుతురొచ్చే సందుని పెద్దా చిన్నా చేసేది) ఎఫ్/2కి తిప్పి, లెన్స్ వెనక ఉండే చిన్న మీటని వేలితో నొక్కి పట్టుకోండి. రేకులు పూర్తిగా తెరుచుకుంటాయి. టార్చి వెనక నుంచి కాస్త ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి. నేరుగా వేస్తే ఏమీ కనిపించదు, ఏటవాలుగా వేస్తే అన్నీ కనిపిస్తాయి. దుమ్ము ప్రతి పాత లెన్స్‌లోనూ ఉంటుంది, దాన్ని చూసి బెదరకండి. అంచు నుంచి లోపలికి సాలెగూడులా పాకితే అది ఫంగస్. గాజంతా పలచగా మసకబారి ఉంటే హేజ్. చాలాసార్లు అది లోపలి గ్రీజు ఆవిరై పట్టినదే, తుడిస్తే పోతుంది. అంచున ఇంద్రధనుస్సు రంగుల మచ్చ కనిపిస్తే మాత్రం రెండు గాజుల్ని అతికించిన జిగురు విడిపోతోందని అర్థం. అది కనిపించిన లెన్స్ ఎంత చవకైనా నేను ముట్టుకోను.

యాషికాలో ఫోటో తీసేది కింది లెన్సే. పైది మనం చూసుకోవడానికి. మీరన్న దారాలు కిందిదాంట్లో ఉన్నాయి కాబట్టి జాగ్రత్తగా చూడాలి. వెనక తలుపు తీసి, స్పీడు 'బి'లో పెట్టి, బటన్ నొక్కి పట్టుకుంటే షట్టర్ తెరుచుకుని ఉంటుంది. అప్పుడు వెనక నుంచి టార్చి వెయ్యండి. దారాలు అంచున కొద్దిగా ఉండి, వెనక గాజు ఉపరితలం మీద ఉంటే మెకానిక్ విప్పి తుడవగలడు. తుడిచాక కూడా గాజు మీద చార మిగిలితే పూత పోయినట్టే. అప్పుడు కూడా మామూలు వెలుతుర్లో ఫోటోలు బాగానే వస్తాయి, సూర్యుడికి ఎదురుగా తీస్తే తెల్లబారిపోతాయి. నడిమధ్యన దారాలుంటే వదిలేయండి.

పెంటాక్స్ లెన్స్ చేతిలో ఉండగానే ఎపర్చర్ ఎఫ్/16కి తిప్పి, అదే మీటని నొక్కి వదలండి. రేకులు టక్కున మూసుకోవాలి. బద్ధకంగా మూసుకుంటే రేకులకి నూనె పట్టింది. రేకుల మీద తడి మెరుపు కూడా కనిపిస్తుంది.

ఇక షట్టర్. పెంటాక్స్ బ్యాటరీ లేకుండా నడిచే కెమెరా కాబట్టి అన్ని స్పీడ్లూ అక్కడే చూసుకోవచ్చు. ఒక సెకను పెట్టి నొక్కి చెవి దగ్గర పెట్టుకోండి, గేర్ల జుంయ్ శబ్దం మధ్యలో నత్తిగా ఆగకూడదు. మీ ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లోమోషన్ ఉంటే వెనక తలుపు తీసి షట్టర్‌ని వీడియో తీయండి. 1/15లో పదహారు ఫ్రేముల వరకు వెలుతురు కనిపించాలి, 1/60లో నాలుగు. అంతకన్నా వేగం పెరిగితే ఈ లెక్క నమ్మొద్దు. 1/1000కి వేరే పద్ధతి: లెన్స్ తీసేసి కెమెరాని తెల్లటి ఆకాశం వైపు పెట్టి, వెనక నుంచి చూస్తూ నొక్కండి. కిటికీ మొత్తం ఒకేలా మెరవాలి. ఒక పక్క చీకటిగా ఉంటే షట్టర్‌లోని రెండు గుడ్డ తెరల్లో వెనకది ముందుదాన్ని అందుకుంటోంది, ఫోటోలో కూడా ఆ పక్క నల్లగానే వస్తుంది. ఏం చేసినా గుడ్డ తెరని వేలితో తాకొద్దు.

వ్యూఫైండర్ నలకలు ఫోటోలో పడవు. వాటి కోసం బేరం ఆడొచ్చు, బెంగపడక్కర్లేదు. లెన్స్ ముందు రింగు సొట్టపోయి ఉంటే ఎప్పుడో కిందపడింది. స్క్రూల తలలు చెక్కుకుపోయి ఉంటే ఎవరో సరైన స్క్రూడ్రైవర్ లేకుండా విప్పారు. నన్నడిగితే సొట్ట కన్నా ఆ స్క్రూలే ఎక్కువ అనుమానించాల్సినవి.

ముల్లు సంగతి చిన్నది. వెళ్ళేటప్పుడు ఎల్‌ఆర్44 బటన్ సెల్ ఒకటి కొనుక్కెళ్ళండి. కింద మూతని రూపాయి బిళ్ళతో తిప్పితే వస్తుంది. కె1000 మీటర్‌కి ఆన్, ఆఫ్ బటన్ లేదు, లెన్స్ మూతే దాని స్విచ్. మూత లేకుండా పెడితే సెల్ అయిపోతుంది. లోపల పచ్చగానో తెల్లగానో పెచ్చు కట్టి ఉంటే సెల్ కారింది. కాస్త వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిస్తే చాలాసార్లు మళ్ళీ బతుకుతుంది.

ఉప్పుగాలి

మాస్టారు చెప్పాక చెప్పడానికి పెద్దగా ఏం లేదు. యాషికా గురించి మూడు సంగతులు చేరుస్తాను.

124జి మీటర్‌ని 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్ కోసం తయారుచేశారు. ఆ సెల్స్ ఇప్పుడు రావు. షాపులో అదే సైజు 1.5 వోల్టుల ఆల్కలైన్ ఇస్తారు, అది వేస్తే ఉన్నదానికన్నా వెలుతురు ఎక్కువుందని మీటర్ చెబుతుంది, దాన్ని నమ్మి తీస్తే వెలుతురు చాలక నెగెటివ్ పలచబడుతుంది. వినికిడి మిషన్లకి వేసే 675 సైజు జింక్ ఎయిర్ సెల్‌కి చుట్టూ చిన్న రింగు పెట్టి వాడితే దగ్గరగా వస్తుంది. నేనైతే మీటర్ పనిచేయలేదని ధర తగ్గించమని అడిగి, ఫోన్ యాప్‌తో కొలుచుకుంటాను.

రెండోది ఫోకస్. పై లెన్స్, కింది లెన్స్ ఒకేచోట ఫోకస్ అవ్వాలి. ఎవరైనా విప్పి సరిగ్గా బిగించకపోతే పైన స్పష్టంగా కనిపించింది రీలు మీద మసగ్గా పడుతుంది. వెనక తలుపు తీసి రీలు వచ్చే చోట ట్రేసింగ్ పేపర్ ముక్కని బిగుతుగా అతికించండి. ఎఫ్/3.5, 'బి', కేబుల్ రిలీజ్‌తో (బటన్‌కి తగిలించి దూరం నుంచి నొక్కే తీగ) షట్టర్ తెరిచి పెట్టండి. అబ్బాయి ఒప్పుకుంటే బీచ్‌రోడ్డు దాకా తీసుకెళ్ళి, దూరంగా లంగరేసి ఉన్న ఓడ మీద పై నుంచి ఫోకస్ చేసి, నల్లగుడ్డ కప్పుకుని పేపర్ మీద చూడండి. అక్కడా ఓడ గీతలు పదునుగా ఉండాలి. ఒప్పుకోకపోతే మేడ మీద నుంచి దూరంలో ఉన్న ఏ సెల్ టవరైనా సరిపోతుంది.

మూడోది, సెల్ఫ్ టైమర్ మీటని ముట్టుకోకండి. లెన్స్‌లోనే రేకులతో తెరుచుకునే ఇలాంటి లీఫ్ షట్టర్లలో అది మధ్యలో ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఆగిపోతుంది. అప్పుడు కెమెరా మీరు పాడుచేసినట్టవుతుంది.

మువ్వలవానిపాలెం రీలు

వెళ్ళొచ్చాను. మాస్టారూ, మీరు చెప్పినట్టు టార్చి వేస్తుంటే ఆ అబ్బాయి కూడా వచ్చి పక్కన నిలబడి చూశాడు పాపం. హుద్‌హుద్‌కి స్టూడియో పైకప్పు రేకు లేచిపోయిందట, కెమెరాలు మాత్రం ఇంట్లో బీరువాలో ఉన్నాయన్నాడు.

పెంటాక్స్: లెన్స్ శుభ్రంగా ఉంది, దుమ్మే. రేకులు టక్కున మూసుకుంటున్నాయి. సెల్ చోట పచ్చ పెచ్చు ఉంది, తుడిచి కొత్తది వేస్తే ముల్లు లేచింది. 1/1000లో మాత్రం ఒక పక్క మూడో వంతు చీకటి. 1/500లో ఆ పక్క కాస్త మసక, 1/250 బాగుంది.

యాషికా: దారాలు అంచునే ఉన్నాయి, వెనక గాజు మీదే అనిపించింది. ఒక సెకను పెడితే తెరుచుకుని అలాగే ఉండిపోతోంది, వేలితో తడితే మూసుకుంటోంది. 1/30 నుంచి పైకి బాగానే ఉన్నట్టుంది. టవర్ మీద ఫోకస్ సరిపోయింది.

పెంటాక్స్ ఏడు వేలకి, యాషికా పదకొండు వేలకి దిగాడు. ఏది తీసుకోను?

డార్క్‌రూమ్ మాస్టారు

పెంటాక్స్ తీసుకోండి, 1/1000 సంగతి చెప్పి ఆరున్నరకి అడగండి. ఐఎస్‌ఓ 200 రీలుకి మన మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్/16, 1/250 సరిపోతుంది, అది మీ కెమెరాలో బాగానే ఉంది. సర్వీసు చేయించేదాకా 500, 1000 లేవనుకోండి. ఎపర్చర్ బాగా తెరిచి ఎండలో తీయాలనుకుంటే మాత్రం ఇబ్బంది.

యాషికాకి వచ్చింది కూడా బాగయ్యే జబ్బే. నెమ్మది స్పీడ్ల గేర్లలో నూనె గడ్డకట్టింది, అంతే. కానీ సర్వీసు ఖర్చు కలిపితే పదకొండు వేలు ఎక్కువ. పైగా మీరిప్పుడే నేర్చుకుంటున్నారు, దాంట్లో రీలుకి పన్నెండే ఫోటోలు. పెంటాక్స్‌లో ముప్ఫై ఆరు.

కొన్న వెంటనే పాత ఫోమ్‌ని టూత్‌పిక్‌కి దూది చుట్టి ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో తీసేయండి. ముక్కలు తెర మీద పడకుండా కెమెరాని వంచి పట్టుకోండి. నొక్కినప్పుడు లోపలి అద్దం లేచి తగిలే చోట పైన ఇంకో చిన్న ఫోమ్ పట్టీ ఉంటుంది, చాలామంది దాన్ని మరిచిపోతారు. అది కరిగితే అద్దానికి అంటుకుంటుంది.

మొదటి రీలులో ప్రతి ఫోటోకీ స్పీడు, ఎపర్చర్ రాసుకోండి. కడిగించాక ఫోటోలే కాదు, నెగెటివ్ కూడా అడిగి తెచ్చుకోండి. ఫోటోల్లో ఎర్రటి, నారింజ రంగు చారలుంటే వెనక తలుపు నుంచి వెలుతురు పోతోంది. ప్రతి ఫోటోలో ఒకే చోట తెల్ల చుక్క ఉంటే గుడ్డ తెరకి చిల్లు పడింది. ఫ్రేముల మధ్య ఖాళీ ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే రీలు లాగే గేరులో లోపం.

ఇంట్లో బీరువాలో పెట్టకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, లోపల తేమ చూపించే చిన్న మీటర్ పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు. సిలికా రంగు మారగానే మళ్ళీ వేడి చేసి ఆరబెట్టాలి. వానాకాలంలో మన దగ్గర అది త్వరగానే మారిపోతుంది.

మువ్వలవానిపాలెం రీలు

ఆరు వేల ఏడువందలకి ఇచ్చాడు మాస్టారూ. కేసు అక్కడే వదిలేస్తానంటే వింతగా చూశాడు. ఫోమ్ షీటు ఆర్డర్ పెట్టాను.

గాజువాక లెన్స్

ఆ యాషికా ఇంకా ఉందా? పదికి ఇస్తాడేమో కనుక్కుని చెప్పగలరా అండి?