అమెరికాలో పాపకి సిరి అని పేరు పెట్టొచ్చా?

డాలస్ కోడలు: వచ్చే నెల డెలివరీ అండి. పాప అని తెలిసిన రోజే మా అత్తగారు సిరి అని ఫిక్స్ అయిపోయారు, నాకూ ఇష్టమే కానీ ఇక్కడ అందరూ సీరీ అని సాగదీస్తారు, పైగా ఐఫోన్‌లో మాట్లాడే అసిస్టెంట్ పేరు కూడా సిరినే, ఆ గోల ఒకటి. ఎవరైనా పెట్టారా?

నెల్లూరు పిల్ల: మా అక్క కూతురు సిరినే, 2009లో పుట్టింది, అప్పటికి ఈ గొడవ లేదు కదా, 2011 అక్టోబర్‌లో ఐఫోన్ ఫోర్ ఎస్ వచ్చాక మొదలైంది. ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17 నుంచి హే సిరి అనకుండా ఉత్త సిరి అన్నా చాలు, అన్నానికి రావే సిరీ అని పిలిస్తే టేబుల్ మీద ఫోన్ పలుకుద్ది 😂 సెట్టింగ్స్‌లో ఆపేసుకోండి.

రవి_ఓరుగల్లు: స్వీడన్, నార్వేల్లో కూడా సిరి పాత పేరే, సిగ్రిడ్‌ని అట్ల పొట్టిగా పిలుస్తరు. కానీ అలెక్సా సంగతి చూడున్రి, ఆ పేరుతోని పిలిస్తే పలికే అమెజాన్ స్పీకర్ వచ్చినంక అమెరికాలో పిల్లలకు ఆ పేరు పెట్టుడే బాగ తగ్గింది. మా దిక్కు మాత్రం సిరివర్షిణి, సిరిచందన ఇంకా పెడుతనే ఉన్నరు.

బాబాయ్: సర్టిఫికెట్లో సిరిచందన అని రాయించమ్మా, స్కూల్లో చందన, ఇంట్లో సిరి. అత్తగారూ హ్యాపీ.

డాలస్ కోడలు: చందన అయితే చాండానా చేస్తారు బాబాయ్ గారూ 😅