అప్‌డేట్: అమ్మకి కీటో చేయించొచ్చా అని అడిగాను కదా

పోయిన నెల అడిగాను, అమ్మకి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, బరువు తగ్గడానికి కీటో (అన్నం, రొట్టెలాంటి కార్బ్స్ బాగా తగ్గించేసి కొవ్వు ఎక్కువ తినే డైట్) మొదలుపెట్టొచ్చా అని. ముందు మందుల చీటీ డాక్టర్‌కి చూపించండి అన్నవాళ్లందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్ అండి.

అమ్మ వాడేవాటిలో డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ టాబ్లెట్ ఉంది. అది వేసుకుంటూ అన్నం, రొట్టె బాగా మానేస్తే రక్తంలో కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు తయారయ్యే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరిగిపోవచ్చంట, పైగా షుగర్ అంత ఎక్కువ చూపించకపోవచ్చు కాబట్టి ఇంట్లో మిషన్ చూసి బానే ఉందిలే అనుకుంటాం, వాంతులు, ఆయాసం మొదలయ్యేదాకా తెలీదు. వినగానే గుండె జారిపోయింది నాకు. గ్లిమెపిరైడ్ అనే ఇంకో షుగర్ టాబ్లెట్ కూడా ఉంది, దాంతో ఏమో షుగర్ మరీ పడిపోయే రిస్క్.

క్రియాటినిన్ (కిడ్నీ టెస్ట్), లివర్, కొలెస్ట్రాల్ టెస్టులు చేయించాం, కిడ్నీ కొంచెం వీక్ అని తేలింది. అందుకే రోజుకి 50 గ్రాముల లోపు కార్బ్స్ అనే కీటో అమ్మకి వద్దన్నారు డాక్టర్, మేమూ ఆ ఆలోచన వదిలేశాం. ఇప్పుడు మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రికి ఒక జొన్న రొట్టె, సొరకాయో బీరకాయో కూర, గుడ్డు, అంతే. టాబ్లెట్ ఒక్కటి కూడా సొంతంగా ఆపలేదు. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) చేయించి రిజల్ట్ పెడతా.