అవెయిట్‌ను ముందు నేర్పాలా, ప్రామిస్‌నా?

కృష్ణాతీరం:
కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి జావాస్క్రిప్ట్ నేర్పుతున్నాను. సర్వర్ నుంచి డేటా తెప్పించే పాఠాన్ని నేరుగా, జవాబు వచ్చేదాకా ఫంక్షన్‌ను ఆపి ఉంచే అసింక్, అవెయిట్‌లతోనే మొదలుపెడుతున్నాను. తర్వాత రాబోయే జవాబుకు ప్రతినిధిగా ఉండే ప్రామిస్‌లు 2015లో, అవెయిట్ 2017లో ప్రమాణంలోకి వచ్చాయి కనుక అదే వరుసలో నేర్పాలన్న నియమమేమీ లేదు. పై నుంచి కిందికి చదువుకుంటూ పోయే కోడ్ ఇట్టే అర్థమవుతుంది. మీరేమంటారు?

రాత్రిపాళి:
అర్థమైనట్లు అనిపిస్తుందండీ, చిక్కంతా అక్కడే ఉంది. ఈమధ్య నా చేతికి వచ్చిన ఒక పేజీలో విద్యార్థి వివరాలు, హాజరు, మార్కులు మూడింటినీ వరుసగా మూడు అవెయిట్‌లతో తెప్పించారు. ఒక్కొక్కదానికి 400 మిల్లీసెకన్ల చొప్పున పేజీ నిండేసరికి 1200 అయ్యాయి. ఒకదాని జవాబుతో మరొకదానికి పని లేనప్పుడు మూడింటినీ ఒకేసారి పంపి, అన్నీ వచ్చేదాకా ప్రామిస్.ఆల్‌తో ఎదురుచూస్తే సుమారు 400లో ముగిసేది. సర్వర్‌ను డేటా అడిగే ఫెచ్‌ను పిలవగానే అభ్యర్థన బయలుదేరుతుందని, అవెయిట్ చేసేది ఎదురుచూడటం మాత్రమేనని రాసినవారికి తెలియదు.

నీలిమేఘం:
ప్రామిస్.ఆల్‌లో ఒక్కటి విఫలమైతే మొత్తం విఫలమైనట్లే. హాజరు రాలేదని మార్కులు కూడా చూపకపోవడం సబబు కాదు, అక్కడ ఒక్కొక్కదాని ఫలితాన్ని విడిగా ఇచ్చే ఆల్‌సెటిల్డ్ వాడాలి.

కృష్ణాతీరం:
అవెయిట్ పెడితే పేజీ ఆగిపోతుందని కొత్తవారిని భయపెట్టడం మంచిది కాదు.

రాత్రిపాళి:
ఆ మాట నేననలేదు. ఆగేది ఆ ఫంక్షన్ ఒక్కటే, పేజీలో మిగతావన్నీ నడుస్తూనే ఉంటాయి. ప్రమాదమూ అందులోనే ఉంది. వెతికే పెట్టెలో ఒకరు ‘వరి’ అని కొట్టి, వెంటనే దాన్ని ‘వరినాట్లు’గా మార్చారనుకోండి. మొదటి జవాబు ఆలస్యంగా వచ్చి రెండోదాన్ని తుడిచేస్తే, పెట్టెలో వరినాట్లు, కింద వరి జాబితా కనిపిస్తాయి. ఎక్కడా దోషసందేశం రాదు. పాత అభ్యర్థనను అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయాలన్న ఆలోచన అవెయిట్‌ను మాత్రమే చూసినవారికి తట్టదు.

నీలిమేఘం:
ఆల్‌సెటిల్డ్ గురించి ఎవరూ జవాబివ్వలేదు.

కృష్ణాతీరం:
ఇవన్నీ ముందే తెలియాలంటే ఎవరూ ఈ పనిలోకి రాలేరు! నేను మొదట చేరిన చోట జావాస్క్రిప్ట్ పనులను వరుసలో నడిపే ఈవెంట్ లూప్, అందులోని మైక్రోటాస్క్‌ల క్రమం బోర్డు మీద రాయమని, రాయలేకపోతే అందరి ముందూ ‘నీకీ పని ఎందుకు’ అన్నారు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన నేను ఆ తర్వాత మూడు నెలలు సమావేశాల్లో నోరు విప్పలేదు. మూలాలు ముందు రావాలని ఎవరన్నా నాకు ఆ గొంతే వినిపిస్తుంది.

రాత్రిపాళి:
మీకు జరిగింది అన్యాయం, నేను ఆ పక్షాన లేను. నా బాధ వేరు. సర్వర్ 500 అని, అంటే తనలోనే లోపం ఉందని జవాబిచ్చినా ఫెచ్ ఇచ్చిన ప్రామిస్ తిరస్కరణకు గురికాదు. జవాబు సరిగా వచ్చిందో లేదో చెప్పే, రెస్పాన్స్‌లోని ‘ఓకే’ను మనమే చూసుకోవాలి. అది చూడకుండా, వైఫల్యాన్ని పట్టుకునే క్యాచ్ ఉంది కదా అని వదిలేసిన ఫీజుల పేజీ, కట్టని ఫీజును కట్టినట్లు చూపింది. రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది నాకు, మరునాడు కార్యాలయం చుట్టూ తిరిగింది ఆ తల్లిదండ్రులు. నేర్చుకునేవారికి మీరు తప్పించే శ్రమ ఆ తల్లిదండ్రుల మీద పడుతోంది.

కృష్ణాతీరం:
అది కాదనలేను. రేపు అవెయిట్‌తోనే మొదలుపెడతాను, అయితే ఆ మూడు అభ్యర్థనల పేజీని మొదటి గంటలోనే బ్రౌజర్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో చూపిస్తాను, ‘ఓకే’ తనిఖీ కూడా రాయిస్తాను. ప్రామిస్ లోతులు మాత్రం రెండో వారంలోనే.

రాత్రిపాళి:
రెండో వారానికి వారి కోడ్ వాడుకలోకి వచ్చేస్తుందండీ.