కారు 5,000 పౌండ్లు లాగుతుందంటే సరిపోతుందా? (పడవ ట్రైలర్ ఊగుడు)

లంగరు_బాబు: డాలస్ నుంచి లేక్ టెక్సోమాకి 22 అడుగుల కాటలినా తెరచాప పడవని ట్రైలర్ మీద లాక్కెళ్తాం. పడవ, ట్రైలర్, సామాను అంతా కలిపి 3,400 పౌండ్లు. కారు కెపాసిటీ 5,000. అయినా మొన్న యూఎస్-75 మీద 70 దాటగానే ట్రైలర్ తోక ఊపింది. చాలా ట్రైలర్ టైర్లకి 65 మైళ్లే పరిమితి. కాబట్టి తప్పు స్పీడుదే అంటాను.

గోదారి_గట్టు: స్పీడు ఊపుని పెంచుతుంది, పుట్టించదు. హిచ్ బాల్ (కారు వెనక ట్రైలర్ తగిలించే గుండు) మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పడాలి. అంటే మీకు 340 నుంచి 510 పౌండ్లు. వెనక బరువు ఎక్కువైతే ఊగి తీరుతుంది. తూచారా?

కొత్త_సరంగు: కారుకీ ట్రైలర్‌కీ మధ్య సేఫ్టీ చైన్లు అడ్డంగా క్రాస్ చేశారా?

లంగరు_బాబు: బాత్‌రూమ్ స్కేలుతోనే తూచాను. మూడడుగుల చెక్క, ఒక చివర ఇటుక, రెండో చివర స్కేలు. ఇటుకకి అడుగు దూరంలో ట్రైలర్ ముక్కు ఆనించి, వచ్చిన అంకెని మూడుతో గుణించా. 350 వచ్చింది.

గోదారి_గట్టు: సామాను ఎక్కించాకా, ముందా?

లంగరు_బాబు: ముందు.

గోదారి_గట్టు: అదీ సంగతి! మోటార్ వెనక బ్రాకెట్‌కి, రెండు కూలర్లు కాక్‌పిట్‌లో, అంటే పడవ వెనక కూర్చునే చోట. ఇక 350 ఎక్కడుంటుంది?

ప్లానో_పిన్ని: కూలర్ల మాట ఆయన చెప్పనేలేదే, మీకెలా తెలుసు? సరే, మాస్ట్ (తెరచాప స్తంభం) నిలబెట్టే ముందు పైన కరెంటు తీగలున్నాయేమో చూసుకోండి నాయనా. అల్యూమినియం మాస్ట్ తగిలితే ప్రాణాలే పోతాయి.

కొత్త_సరంగు: కప్లర్ (హిచ్ బాల్‌ని పట్టుకునే ట్రైలర్ కొక్కెం) ఊడితే ట్రైలర్ ముక్కు రోడ్డుకి గుచ్చుకోకుండా క్రాస్ చేసిన చైన్ల మీద పడుతుంది. అందుకే అడిగా.

గోదారి_గట్టు: పైగా ఊగేటప్పుడు బ్రేక్ తొక్కారు. యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ సూటిగా పట్టుకోవాలి, అంతే.

లంగరు_బాబు: పక్క సీట్లో కూర్చుని "బ్రేక్ బ్రేక్" అని కేకలేసింది ఎవరు, అన్నా? కూలర్లు వెనక పెట్టమన్నదీ మీరే.

గోదారి_గట్టు: ఇక్కడ కూడా మొదలుపెట్టావా? కారు నాది. బంపర్ సొట్ట నాది. నువ్వు ఇంతవరకు ఆ ఊసే ఎత్తలేదు.

లంగరు_బాబు: సొట్టకి డబ్బులిస్తాను. కానీ పడవలో ఇద్దరికీ సగం సగం. మెరీనాలో ఉంచేద్దాం, నెల అద్దె పంచుకుందాం అని ఉగాది నుంచి మొత్తుకుంటున్నా. మీ డ్రైవ్‌వేలోనే ఉండాలంటారు. ఎందుకు? వచ్చినవాళ్లందరికీ చూపించుకోడానికి!

గోదారి_గట్టు: నెలకి రెండుసార్లు కూడా రానివాడివి, అద్దె మాట నువ్వా చెప్పేది? పోయిన వేసవిలో ట్రైలర్ చక్రాల బేరింగులకి గ్రీజు పెట్టింది ఒక్కణ్ణే నేను. చెమటలు కక్కుతూ.

ప్లానో_పిన్ని: ఇద్దరూ ఒకే ఇంటివాళ్లా ఏమిటి?

లంగరు_బాబు: తోడల్లుళ్లం, పిన్నీ.

కొత్త_సరంగు: చైన్ల సంగతి ఇంకా చెప్పలేదు.