“తెల్లవాళ్లమని రాశారు”: హిస్పానిక్‌ల లెక్కకు తెలుగు క్రియ ఏది?

వి.ఎస్.: అమెరికా 2020 జనాభా లెక్కల మీద తెలుగులో వ్యాసం సిద్ధమవుతోంది. అందులో హిస్పానిక్‌ల గురించి, అంటే స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారి గురించి, ఒక వాక్యం ఇది: “హిస్పానిక్ జాతిలో 20.3 శాతం మంది తమను తాము శ్వేతజాతీయులుగా గుర్తించుకున్నారు. 32.7 శాతం మంది సంకర జాతిగా గుర్తించుకున్నారు.” చదువుతుంటే ఎక్కడో తట్టుకుంటోంది. ఎక్కడ సరిచేయాలో చెప్పండి.

ఆర్.కె.: మొదటి తప్పు “హిస్పానిక్ జాతి”. 2020 ఫారంలో ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. 8వది హిస్పానిక్ మూలం గురించి, 9వది జాతి గురించి. రెండింటికీ జవాబివ్వాలనీ, ఈ లెక్కల వరకు హిస్పానిక్ మూలాలు జాతులు కావనీ ఫారం మీదే అచ్చువేశారు. కాబట్టి “హిస్పానిక్ మూలాలున్నవారు” అనండి.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. 1930లో ‘మెక్సికన్’ అనేది జాతి జాబితాలోనే ఉంది. మెక్సికో ప్రభుత్వం, అమెరికాలోని మెక్సికన్ సంతతివారు అభ్యంతరం చెప్పడంతో 1940లో తీసేశారు. 1970లో హిస్పానిక్ ప్రశ్నను కొద్ది ఇళ్లలోనే అడిగారు. 1977లో కేంద్ర ప్రభుత్వ శాఖలన్నిటికీ జాతి వేరు, హిస్పానిక్ మూలం వేరు అన్న నియమం వచ్చింది. 1980 నుంచి అందరినీ అడుగుతున్నారు. 2024 మార్చిలో ఈ నియమాన్ని మార్చి రెంటినీ ఒకే ప్రశ్నలో కలిపారు. ఇకమీదటి ఫారాల గురించి రాసేటప్పుడు “జాతి లేదా మూలం” అని జంటగా వాడక తప్పదు.

పి.ఎల్.: “సంకర” మాట వెంటనే తీసేయండి. సంకర జాతి ఆవు, సంకర విత్తనం అంటాం. మనుషుల విషయంలో ఆ మాట వినగానే గీత మొదటి అధ్యాయంలోని “జాయతే వర్ణసంకరః” గుర్తొస్తుంది. అర్జునుడు దాన్ని కులనాశనానికి గుర్తుగా చెబుతాడు. ఇంత నింద మోసే మాటను ఒక మనిషి పుట్టుకకు తగిలించకూడదు. “మిశ్రమ సంతతి” సరిపోతుంది. స్పానిష్‌లో ‘మెస్తీసో’ అనుకునేవారిని మెస్తీసో అనే ఉంచండి. దాని మూలంలో ఉన్నదీ ‘కలిసిన’ అన్న అర్థమే. కానీ ఒక్కో దేశంలో దానికి ఒక్కో చరిత్ర ఉంది.

“శ్వేతజాతీయులు” కూడా నాకు నచ్చదు. మనకు ‘జాతి’ ఒకటే మాట, మోసే బరువులు చాలా. జాతిపితలో దేశం, స్త్రీజాతిలో లింగం, ఛందస్సులో కందం జాతి, ఆటవెలది ఉపజాతి. పైగా ‘జాతీయ’ అనగానే దేశం గుర్తొస్తుంది. “తెల్లవారు” అంటే చాలు. 2020 ఫారంలో ఆ గడి కింద ఉదాహరణలుగా జర్మన్, ఐరిష్‌లతో పాటు లెబనీస్, ఈజిప్షియన్ అని కూడా ఉన్నాయి. ఆ గడిని ఒంటిరంగుతో కొలవకూడదని పాఠకులకు చెప్పాలి.

వి.ఎస్.: మరి “గుర్తించుకున్నారు” సంగతి?

పి.ఎల్.: మనం ‘గుర్తింపు’ అనేది ఎదుటివాళ్లు ఇచ్చేదానికే. గుర్తింపు కార్డు, ప్రభుత్వ గుర్తింపు, అలాగ. “తమను తాము గుర్తించుకున్నారు” ఇంగ్లీషుకు వేసిన తెలుగు ముసుగు. “చెప్పుకున్నారు” అందామంటే అది ఇంకా ప్రమాదం. “డాక్టర్నని చెప్పుకుంటున్నాడు” అంటే కాడనే ధ్వని. హిస్పానిక్‌లు తెల్లవారా కాదా అని ఇతరులు ఎటూ సందేహిస్తూనే ఉన్నారు. మన క్రియ కూడా ఆ అనుమానాన్ని మోయడం అన్యాయం.

దీనికి తెలుగులో పుట్టుకతో వచ్చిన సాధనం ఉంది. నేను తెలుగువాణ్ణి, తెలుగుదాన్ని, మేం తెలుగువాళ్లం. పేరుకే ‘నేను’, ‘మేము’ అంటుకుంటాయి. “తెల్లవాళ్లమని రాశారు” అనండి. మాట వాళ్లదే అని ఆ ‘మ’ ఒక్కటే చెప్పేస్తుంది. స్వీయ, తమకు తాము వంటివేవీ అక్కర్లేదు.

ఆర్.కె.: పి.ఎల్. గారి సూచన 20.3కి సరిగ్గా సరిపోతుంది. 32.7కి మాత్రం వాడకండి. అక్కడ రాసినవారు వేరు, లెక్కకట్టినవారు వేరు.

2010లో హిస్పానిక్‌లలో ‘తెల్లవారు’ మాత్రమే అన్నవారు 53.0 శాతం, రెండు లేదా ఎక్కువ జాతుల కింద ఉన్నవారు 6.0 శాతం. పదేళ్లలో అంతమంది మనసు మార్చుకున్నారని రాస్తే తప్పు. 2020లో తెల్లవారు, నల్లవారు అన్న గడుల కింద కొత్తగా రాయడానికి చోటిచ్చారు. ఇదివరకు రాతలో మొదటి 30 అక్షరాలే తీసుకునేవారు, ఈసారి 200 దాకా తీసుకున్నారు. ఒక్కో రాతకు గరిష్ఠంగా ఇచ్చే వర్గ సంకేతాలు రెండు నుంచి ఆరయ్యాయి. ఒకరు ‘తెల్లవారు’ గడిలో టిక్ పెట్టి కింద ‘మెక్సికన్’ అని రాశారనుకోండి. మెక్సికన్ అన్నదాన్ని సెన్సస్ బ్యూరో ‘మరో జాతి’లో, అంటే జాబితాలో లేని జాతులకు ఉన్న గడిలో, వేస్తుంది. ఆ మనిషి రెండు జాతులవారిలో చేరిపోతారు. మిశ్రమం అన్న మాట ఆ మనిషి ఎక్కడా రాయలేదు.

అందుకని అక్కడ “లెక్కకొచ్చారు” అనండి. ‘మరో జాతి’ మాత్రమే ఉన్న 42.2 శాతానికీ అదే క్రియ. వాళ్లలో చాలామంది జాతి అడిగినచోట తమ దేశం పేరు రాసినవారే.

పి.ఎల్.: పాత లెక్కలకైతే మూడో క్రియ కావాలి. 1960కి ముందు మామూలుగా ఎన్యూమరేటర్ (జనాభా లెక్కలు రాసుకునే ఉద్యోగి) ఇంటికొచ్చి జాతి తానే రాసేవాడు. 1920 నుంచి 1940 దాకా భారతీయులకు ‘హిందూ’ అనే జాతి పేరుండేది, మతం ఏదైనా సరే. కాలిఫోర్నియా ఇంపీరియల్ లోయలో పంజాబీ పురుషులు, మెక్సికన్ స్త్రీలు పెళ్లాడిన కుటుంబాలుండేవి. 1930 జాబితాలో హిందూ, మెక్సికన్ రెండూ ఉన్నాయి. అలాంటి ఇంటి పిల్లల గురించి “హిందూ అని రాశారు” అంటే ఎవరు రాశారో తేలదు. “ఎన్యూమరేటర్ నమోదు చేశాడు” అని కర్తను చెప్పి తీరాలి. మనవాళ్లను 1970లో తెల్లవారిలో కలిపి, 1980లో ‘ఏషియన్ ఇండియన్’ అనే గడి ఇచ్చిన సంగతికీ ఇదే పద్ధతి.

వి.ఎస్.: అయితే ఇలా మార్చాను: “2020లో హిస్పానిక్ మూలాలున్న 6.21 కోట్ల మందిలో 20.3 శాతం జాతి గడిలో తెల్లవాళ్లమని మాత్రమే రాశారు. 42.2 శాతం ‘మరో జాతి’ కింద, 32.7 శాతం రెండు లేదా ఎక్కువ జాతుల కింద లెక్కకొచ్చారు.”

ఆర్.కె.: బాగుంది. “మాత్రమే”ను మాత్రం ముందుకు జరపండి. “తెల్లవాళ్లం మాత్రమే అని రాశారు” అనాలి. లేకపోతే ఇంకేమీ రాయలేదన్న అర్థం వస్తుంది. ఆ గడి కింద ఇటాలియన్ అని రాసినవారూ అందులో ఉన్నారు.